జామకాయలతో, బత్తాయి తొక్కతో ఇంట్లోనే పెక్టిన్: తీయడం, పరీక్షించడం, వాడుకోవడం

జామ జెల్లీ గురించి ఎప్పుడు మాటొచ్చినా నన్ను అడిగేవి అవే మూడు ప్రశ్నలు. పెక్టిన్ పొడి ఎక్కడ దొరుకుతుంది, అది లేకపోతే జెల్లీ గడ్డకట్టదా, పెక్టిన్ కొలెస్ట్రాల్‌కీ షుగర్‌కీ మంచిదట కదా, నీళ్ళలో కలుపుకుని తాగొచ్చా. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక అన్నీ ఒకేచోట రాసేస్తున్నాను. ముందే ఒక మాట చెప్తా. జామ జెల్లీకి పొడి కొనక్కర్లేదు. పెక్టిన్ కాయలోనే ఉంది, కొనాల్సింది ఏదైనా ఉంటే మందుల షాపులో ఒక చిన్న స్పిరిట్ సీసా. అదెందుకో కాసేపట్లో వస్తుంది.

నేను మొదటిసారి చేసినప్పుడు బాగా మగ్గి ఇల్లంతా వాసనొచ్చే జామపళ్ళు రెండు కిలోలు తెచ్చి, గంటన్నర మరిగించి, సీసాలకి పోసి, రెండు రోజులు ఆశగా చూశాను. సీసా వంచితే జారిపోతోంది. మా అత్తయ్య చెంచాతో కొంచెం తీసి, పైకెత్తి, అది ధారగా కారుతుంటే చూసి "ఇది జెల్లీనా, జామపండు పానకమా?" అన్నారు. పానకమే. పండు ఎంచుకోవడంలోనే తప్పు చేశాను, ఆ తర్వాత ఎంత మరిగించి ఏం లాభం.

సిద్ధాంతం ఒక్క పేరాతో సరిపెడతా. పెక్టిన్ అంటే కాయలోని కణాల గోడల్ని అతికి ఉంచే జిగురు. కాయ పచ్చిగా ఉన్నప్పుడు అది నీళ్ళలో కరగదు, దోరకి వచ్చాక ఉడికిస్తే కరిగి రసంలోకి దిగుతుంది, బాగా మగ్గాక పండులోని ఎంజైములే దాన్ని ముక్కలు ముక్కలు చేసేస్తాయి, పండు మెత్తబడేది అందుకే. ఈ పదార్థానికి 1825లో ఆ పేరు పెట్టింది ఆన్రీ బ్రాకోన్నో అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త, గ్రీకులో గడ్డకట్టేది అన్న అర్థం వచ్చే మాట నుంచి తీసుకున్నాడు. జామ్ సీసా మీద, పెరుగు డ్రింకు డబ్బా మీద ఐఎన్ఎస్ 440 (ఆహారంలో కలిపే పదార్థాలకి ఇచ్చే అంతర్జాతీయ నంబరు) అని ఉంటే అది ఇదే. మామూలు పెక్టిన్ గడ్డకట్టాలంటే దానికి తోడు ఇంకో రెండు కావాలి, పులుపూ చక్కెరా. మూడింటిలో ఏది తగ్గినా పానకమే.

కావలసినవి

- దోర జామకాయలు 1 కిలో. పైన ఆకుపచ్చ పోయి లేత పసుపు తిరుగుతూ ఉండాలి, గోరుతో నొక్కితే దిగకూడదు. నాలుగింట మూడొంతులు ఇలాంటివి, ఒక వంతు పండినవి తీసుకుంటే పెక్టినూ ఉంటుంది, వాసనా ఉంటుంది.
- నిమ్మకాయలు 2, లేదా నిమ్మ ఉప్పు అర టీస్పూను
- చక్కెర సుమారు అర కిలో
- మందపాటి అడుగున్న వెడల్పు స్టీలు గిన్నె. అల్యూమినియం వద్దు, పులుపు తగిలితే రుచీ రంగూ పాడవుతాయి.
- ఉతికిన పలుచటి నూలు గుడ్డ
- వంటింటి కాటా. ఇది లేకపోయినా పని జరుగుతుంది కానీ ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.
- సర్జికల్ స్పిరిట్ చిన్న సీసా. పరీక్షకి మాత్రమే, తినేదాంట్లో చుక్క కూడా పడకూడదు.
- మూతలున్న గాజు సీసాలు, 250 గ్రాములవి మూడు

జామ రసం తీయడం

1. కాయలు కడిగి పలుచని ముక్కలుగా కోయండి. తొక్క తీయకండి, గింజలు తీయకండి. చాలామంది శుభ్రంగా ఉండాలని గింజల భాగమంతా తీసి పారేస్తారు, అవసరం లేదు, ఎలాగూ వడకడతాం.

2. ముక్కలు మునిగేదాకా మాత్రమే నీళ్ళు పోయండి, కిలోకి లీటరు లోపే పడతాయి. ఎక్కువ పోస్తే తర్వాత ఆ నీళ్ళన్నీ ఇగరబెట్టాలి, ఇగరబెట్టే కొద్దీ పెక్టిన్ దెబ్బతింటుంది.

3. ఒక నిమ్మకాయ రసం పిండి, మూత పెట్టి, సన్నటి మంట మీద 30 నుంచి 40 నిమిషాలు ఉడికించండి. పులుపు ఉంటేనే పెక్టిన్ ముక్కల నుంచి సులువుగా వదులుతుంది. ముక్కలు గరిటతో నొక్కితే మెదగాలి కానీ మీరు మాత్రం మెదపకండి, మధ్యలో ఒకటి రెండుసార్లు కదిపితే చాలు. కుక్కర్లో పెట్టొచ్చా అని అడుగుతారు. నేను పెట్టను, ముక్కలు గుజ్జైపోయి రసం మబ్బుగా వస్తుంది.

4. గుడ్డని గిన్నె మీద పరిచి అంతా పోసి, నాలుగు కొసలూ ముడేసి, కుళాయికో తలుపు గడియకో వేలాడదీసి కింద గిన్నె పెట్టండి. రాత్రి వేలాడదీస్తే పొద్దుటికి అదే దిగుతుంది. పిండొద్దు. ఎంత చెప్పినా పిండుతారు, నాకూ చెయ్యి ఊరుకోదు, కానీ పిండితే గుజ్జు కూడా దిగి జెల్లీ అద్దంలా ఉండాల్సింది బురద నీళ్ళలా ఉంటుంది. రుచికి నష్టం లేదనుకోండి, ఇంట్లో తినడానికే అయితే మీ ఇష్టం.

5. దిగిన రసం కొలవండి. కిలోకి సుమారు 600 మిల్లీలీటర్లు వస్తుంది. అందులో ముంచిన వేళ్ళు రెండు కలిపి విడదీస్తే కాస్త జిగటగా తగలాలి. గుడ్డలో మిగిలిన పిప్పి పారేయకండి, దాని సంగతి చివర్లో చెప్తా.

స్పిరిట్ పరీక్ష: ఇది దాటేయకండి

ఇంత రాయడం ఈ ఒక్క పరీక్ష కోసమే అనుకోండి. చక్కెర ఎంత వెయ్యాలో చెప్పేది ఇదే. పుస్తకంలో రాసిన కొలత మీ కాయలకి సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, వానాకాలం జామ వేరు, చలికాలం జామ వేరు, ఒకే చెట్టు కాయల్లోనే తేడా ఉంటుంది.

1. పొయ్యి ఆపేయండి. స్పిరిట్‌కి మంట అంటుకుంటుంది, కాబట్టి ఇది వేరే గదిలో చేసుకుంటే ఇంకా మంచిది.
2. ఒక టీస్పూను రసం పూర్తిగా చల్లారనిచ్చి చిన్న గాజు గ్లాసులో వేయండి. వేడి రసంతో చేస్తే ఫలితం తప్పొస్తుంది.
3. గ్లాసు అంచు మీదుగా రెండు టీస్పూన్ల స్పిరిట్ మెల్లగా జారవిడవండి. చెంచాతో కలపకండి, గ్లాసుని మెల్లగా ఒకసారి తిప్పి ఒక నిమిషం వదిలేయండి.
4. ఇప్పుడు ఫోర్కుతో గానీ పుల్లతో గానీ అడుగు నుంచి ఎత్తి చూడండి.

- మొత్తం ఒకే ముద్దగా, వణుకుతూ, పారదర్శకంగా గుడ్డు తెల్లసొనలా పైకి లేస్తే పెక్టిన్ నిండుగా ఉన్నట్టు. గిన్నెడు రసానికి గిన్నెడు చక్కెర.
- రెండు మూడు ముక్కలుగా తెగితే మధ్యరకం. గిన్నెడు రసానికి ముప్పావు గిన్నె.
- అటుకుల తునకల్లా చిన్న చిన్న పొరలు తేలితే, లేదా ఏమీ కనపడకపోతే చక్కెర ముట్టుకోకండి. రసాన్ని ఇంకో పది నిమిషాలు మరిగించి చల్లార్చి మళ్ళీ పరీక్షించండి, అప్పటికీ అంతే అయితే కింద చెప్పిన బత్తాయి పెక్టిన్ కలపండి.

పరీక్షించింది పారబోసి గ్లాసు కడిగేయండి. రుచి చూడకండి, పిల్లల చేతికి అందనివ్వకండి, ఆ స్పిరిట్ విషం. స్పిరిట్ లేకపోతే నీళ్ళలా ఉండే శానిటైజరు పని చేస్తుంది. జెల్ శానిటైజరు పనికిరాదు, అది తానే చిక్కగా ఉంటుంది కాబట్టి అన్ని రసాలూ గడ్డకట్టినట్టే కనిపిస్తాయి.

పులుపుకి కూడా ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక టీస్పూను నిమ్మరసం, మూడు టేబుల్‌స్పూన్ల నీళ్ళు, అర టీస్పూను చక్కెర కలిపి నాలిక మీద వేసుకోండి, వెంటనే మీ జామ రసం వేసుకోండి. రసం అంతకంటే చప్పగా ఉంటే ఇంకో నిమ్మకాయ పిండాలి. జామకి దాదాపు ఎప్పుడూ పిండాల్సే వస్తుంది. వాక్కాయలతోనో ఎర్ర గోంగూర కాయల పైరేకులతోనో చేస్తే అక్కర్లేదు, వాటికి పుట్టుకతోనే పెక్టినూ పులుపూ రెండూ ఉంటాయి.

చక్కెర వేసి దించేదాకా

1. సీసాలు, మూతలు నీళ్ళలో పది నిమిషాలు మరిగించి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. తుడవకండి.

2. ఖాళీ గిన్నె బరువు చూసి రాసుకోండి. రసం పోసి మరగనిచ్చి, అప్పుడు చక్కెర వేసి కరిగేదాకా కలపండి. 600 మిల్లీలీటర్ల మంచి రసానికి చక్కెర సుమారు 500 గ్రాములు అవుతుంది.

3. చక్కెర కరిగాక మంట పెద్దది చేయండి. మనకి పాకం పట్టే అలవాటు కాబట్టి సన్నటి సెగ మీద గంటలు కాచేస్తాం, ఇక్కడ అది పనికిరాదు. పులుపులో ఎక్కువసేపు ఉడికితే పెక్టిన్ తెగిపోతుంది, త్వరగా మరిగి త్వరగా దిగాలి. అందుకే ఒకేసారి లీటరు రసం కంటే ఎక్కువ పెట్టకండి. మూడు కిలోల కాయలుంటే మూడుసార్లు చేయండి.

4. పైన తేలే నురగ తీసేస్తూ ఉండండి. రెండో నిమ్మకాయ రసం చివరి ఐదు నిమిషాల్లో పిండండి.

5. దించేది ఎప్పుడన్నది నాలుగు రకాలుగా చూడొచ్చు. నేను మొదటి రెండూ కలిపి చూస్తాను.

బరువు: చక్కెర బరువుకి ఒకటిన్నర రెట్లు కావాలి. అర కిలో చక్కెర వేస్తే గిన్నె బరువు పోగా 750 నుంచి 770 గ్రాములు ఉన్నప్పుడు దించేయండి. అప్పటికి మొత్తంలో కరిగిన పదార్థం నూటికి 65 పాళ్ళకి చేరుతుంది, జెల్లీ గట్టిపడటానికీ, బూజు పట్టకుండా ఉండటానికీ అదే లెక్క.

గరిట: గరిటతో తీసి పక్కకి వంచండి. మొదట్లో చుక్కలు చుక్కలుగా కారుతుంది. కాసేపటికి రెండు చుక్కలు గరిట అంచు దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని, కలిసి, వెడల్పాటి రేకులా వేలాడి తెగి పడతాయి. ఆ రేకు కనపడగానే పొయ్యి ఆపేయండి. తీగ పాకం కోసం చూశారంటే దాటిపోయినట్టే.

ప్లేటు: స్టీలు ప్లేటు ముందే ఫ్రీజర్లో పెట్టి, దాని మీద అర చెంచా వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టండి. ముడత పడితే అయినట్టు. ఈ పరీక్ష చేస్తున్నంతసేపూ పొయ్యి కట్టేసి ఉంచండి, లేకపోతే మీరు ప్లేటు చూసేలోగా గిన్నెలోది ముదిరిపోతుంది.

థర్మామీటరు: నీళ్ళు మరిగే వేడి కంటే 4.5 నుంచి 5 డిగ్రీలు ఎక్కువ చూపాలి. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో 105 దగ్గర. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, అక్కడ నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి, కాబట్టి 103 చాలు. 105 కోసం కాచుకుని కూర్చున్న హైదరాబాద్ వాళ్ళ జెల్లీ రబ్బరైపోవడానికి కారణం ఇదే.

6. వేడి మీదే సీసాల్లో పోసి, మూత బిగించి, కదపకుండా 24 గంటలు వదిలేయండి. గట్టిపడిందా అని గంటగంటకీ వంచి చూడకండి, కట్టుకుంటున్న జెల్లీ ఒకసారి చెదిరితే మళ్ళీ సరిగా కట్టదు. కొన్నిసార్లు రెండు రోజులు పడుతుంది.

బత్తాయి తొక్కతో పెక్టిన్ నీళ్ళు

మామిడి, అనాస, ద్రాక్ష లాంటి పళ్ళతో జామ్ చేస్తే పెక్టిన్ చాలదు. వాటి కోసం ఇది. కంపెనీలు కూడా పెక్టిన్‌ని ఎక్కువగా నిమ్మజాతి తొక్కల నుంచి, ఆపిల్ పిప్పి నుంచే తీస్తాయి, ఎండిన నిమ్మజాతి తొక్కలో నూటికి 20 నుంచి 30 పాళ్ళు పెక్టినే. నల్గొండ, అనంతపురం బత్తాయిలు తిని ఆ తొక్క చెత్తబుట్టలో వేసే మనం పెక్టిన్ పొడి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం నాకు నవ్వొస్తుంది. ఒకసారి జ్యూస్ బండి దగ్గర తొక్కలు అడిగితే ఆయన సంచి నిండా వేసి "మేకలకా అమ్మా?" అన్నాడు. కానీ బండి దగ్గరి తొక్కలు దుమ్ములో పడి ఉంటాయి, ఇంట్లో కడిగి వలిచినవే వాడండి.

1. పది బత్తాయిలు కడిగి, పైన పచ్చటి పొరని పీలర్‌తో పలుచగా తీసేయండి. చేదూ ఘాటు నూనే అందులోనే ఎక్కువ. మనకి కావలసింది దాని కిందున్న దూదిలాంటి తెల్లటి పొర. అది 250 గ్రాములు తీసుకోండి, లోపల పోగులు, గింజలు కూడా కలపొచ్చు.
2. సన్నగా తరిగి, నీళ్ళలో రెండు గంటలు నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి. మళ్ళీ ఒకసారి అలాగే. చేదు చాలావరకు పోతుంది.
3. 750 మిల్లీలీటర్ల నీళ్ళు, రెండు నిమ్మకాయల రసం పోసి సన్నటి సెగ మీద 45 నిమిషాలు ఉడికించండి.
4. జామకి చెప్పినట్టే వడకట్టండి. వచ్చిన రసం చిక్కటి గంజిలా జారాలి. పలుచగా ఉంటే పది నిమిషాలు ఇగరబెట్టండి.
5. స్పిరిట్ పరీక్ష. ఇక్కడ ఒకే ముద్ద రావాల్సిందే, రాకపోతే దీన్ని ఇంకో పండులో కలిపి ప్రయోజనం లేదు.

కిలో పండు గుజ్జుకి 150 నుంచి 200 మిల్లీలీటర్లు కలపండి, చక్కెర వేసే ముందు. ఫ్రిజ్‌లో వారం లోపు వాడేయాలి, ఐస్ ట్రేల్లో పోసి ఫ్రీజర్లో పెడితే నెలల తరబడి ఉంటుంది.

కొన్న పొడి ఉంటే ఒకే జాగ్రత్త. నేరుగా వేడి గుజ్జులో వేస్తే ఉండలు కడుతుంది, లోపల పొడి పొడిగానే ఉండి పైన జిగురు కట్టిన ఉండలు, అవి ఇక కరగవు. పొడికి ఐదారు రెట్లు చక్కెర కలిపి, కవ్వంతో తిప్పుతూ చల్లండి. ప్యాకెట్ మీద 150 గ్రేడ్ అని ఉంటే ఒక గ్రాము పొడి 150 గ్రాముల చక్కెరని కట్టగలదని అర్థం.

తప్పులెక్కడ

గట్టిపడలేదు: రెండు రోజులు ఆగాక కూడా కారుతుంటే మళ్ళీ గిన్నెలో పోసి, నిమ్మరసమూ బత్తాయి పెక్టినూ కలిపి మరిగించి గరిట పరీక్ష చేయండి. ఒక్కసారికి పని చేస్తుంది. మూడోసారి మరిగిస్తే పెక్టిన్ మిగలదు, ఇక దాన్ని షర్బత్‌లోనో దోసె మీదో వాడేయండి.

పైన నీళ్ళూరుతున్నాయి: పులుపు ఎక్కువైంది, లేదా కట్టుకునేటప్పుడు కదిపారు. తినొచ్చు.

చక్కెర పలుకులు కట్టింది: చక్కెర ఎక్కువ, లేదా మరీ ముదిరింది.

బూజు పట్టింది: సీసా తడిగా ఉంది, లేదా ముందే దించేశారు. బూజు తీసేసి కిందది తినొచ్చా అంటే వద్దు, సీసా మొత్తం పారేయండి.

బెల్లంతో చేయొచ్చా? నేను మూడుసార్లు చేశాను, రెండుసార్లు పలుచగానే ఉంది. బెల్లంలోని ఖనిజాలు పులుపుని కొంత చంపేస్తాయి, నిమ్మరసం పెంచాలి, రంగు నల్లబడుతుంది. సగం చక్కెర, సగం బెల్లం అయితే ఫర్వాలేదు.

చక్కెర లేకుండా? ఇది షుగర్ ఉన్నవాళ్ళ ఇళ్ళ నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న. పైన చెప్పిన పెక్టిన్‌తో కాదు, తీపి బిళ్ళలు వేసినా కాదు, ఎందుకంటే చక్కెర ఇక్కడ తీపి కోసమే కాదు, నీళ్ళని పట్టి ఉంచడానికి. దానికి లో మెథాక్సిల్ పెక్టిన్ అని వేరే రకం దొరుకుతుంది, అది కాల్షియంతో గడ్డకడుతుంది. ప్యాకెట్‌తో వచ్చే కాల్షియం పొడిని ముందు నీళ్ళలో కలుపుకుని, దాని మీదున్న కొలత ప్రకారమే వేయండి. అలా చేసిన జామ్ బయట నిలవ ఉండదు, ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలే. అంత తతంగం వద్దనుకుంటే ఉడికిన పండు గుజ్జులో సబ్జా గింజలు కలపండి, చిక్కబడుతుంది. అది పెక్టిన్ కాదు, జెల్లీ కాదు, కానీ చపాతీకి బాగుంటుంది.

తాగొచ్చా, మందుగా పనికొస్తుందా?

పెక్టిన్ నీళ్ళలో కరిగే పీచు. చిన్నపేగులో అరగదు, పెద్దపేగులో సూక్ష్మజీవులు దాన్ని తింటాయి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో రెండు విషయాలు ఒప్పుకుంది: రోజుకి 6 గ్రాముల పెక్టిన్ రక్తంలో కొలెస్ట్రాల్‌ని మామూలు స్థాయిలో ఉంచడానికి తోడ్పడుతుంది, భోజనంతో పాటు 10 గ్రాములు తీసుకుంటే తిన్నాక చక్కెర పెరగడం తగ్గుతుంది. బాగుంది. ఇప్పుడు మీ జెల్లీ లెక్క చూడండి. ఒక పెద్ద చెంచా, అంటే 20 గ్రాముల జెల్లీలో చక్కెర 13 గ్రాములు, పెక్టిన్ పావు గ్రాము కూడా ఉండదు. ఆరు గ్రాముల కోసం సీసాలు ఖాళీ చేయాలి. జెల్లీ ఆరోగ్యానికి మంచిదని ఎవరైనా అమ్ముతుంటే నవ్వి ఊరుకోండి. 100 గ్రాముల జామకాయలో సుమారు గ్రాము ఉంటుంది, దాన్ని కొరుక్కుని తినడమే సులువు.

పొడి తీసుకోవాలనుకుంటే డాక్టర్ని అడిగి, ఇలా:

1. రెండు మూడు గ్రాములతో మొదలుపెట్టండి, అంటే టీస్పూను కంటే తక్కువ. ఒకేసారి ఆరు గ్రాములు వేసుకుంటే కడుపుబ్బరం, గ్యాస్.
2. పెద్ద గ్లాసు నీళ్ళలో కవ్వంతో బాగా చిలికి, చిక్కబడకముందే తాగేయండి. పొడిని నోట్లో వేసుకుని నీళ్ళు తాగడం ప్రమాదం, గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది. మింగడం కష్టమైన పెద్దవాళ్ళకీ చిన్నపిల్లలకీ అసలు వద్దు.
3. మందులతో పాటు వేసుకోకండి. గుండెకి వాడే డిగాక్సిన్, కొలెస్ట్రాల్‌కి వాడే లోవాస్టాటిన్, టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్ లాంటివి ఒంటికి పట్టకుండా ఇది అడ్డుపడొచ్చు. ఎంత ఎడం ఉండాలో మీ డాక్టరే చెప్పాలి.
4. జీడిపప్పు, పిస్తా పడనివాళ్ళలో కొందరికి పెక్టిన్ కూడా పడలేదని వైద్య పత్రికల్లో నమోదైంది. మీకు ఆ ఎలర్జీ ఉంటే పొడి జోలికి పోవద్దు.

విరేచనాలకి పెక్టిన్ మందట కదా అని పెద్దవాళ్ళు అడుగుతారు, వాళ్ళు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు. అమెరికాలో కేయోపెక్టేట్ అనే మందు పేరులోనే పెక్టిన్ ఉంది, మొదట్లో తెల్ల మట్టీ పెక్టినూ కలిపి చేసేవారు. ఇప్పుడు పేరు అదే, లోపలి మందు వేరు, పెక్టిన్ తీసేశారు. మరోపక్క బంగ్లాదేశ్‌లో రోజుల తరబడి విరేచనాలు తగ్గని పసిపిల్లలకి అన్నంతో పాటు ఉడికించిన పచ్చి అరటికాయ గానీ పెక్టిన్ గానీ పెడితే ఉత్త అన్నం కంటే త్వరగా తగ్గాయని 2001లో ప్రచురించారు. అది డాక్టర్ల పర్యవేక్షణలో చేసింది. మన ఇంట్లో ముందు ఓఆర్ఎస్, పిల్లలైతే ఆసుపత్రి, ఆ తర్వాతే అరటికాయ.

ఇక దగ్గు బిళ్ళల్లో గొంతుకి పూతలా ఉండటానికీ, పేగు ఆపరేషన్ అయినవాళ్ళ పొట్ట మీద సంచి అతికే పట్టీల్లోనూ, కొన్ని గాయం పట్టీల్లోనూ పెక్టిన్ వాడతారు. అవి ఫ్యాక్టరీలో శుద్ధి చేసినవి, మీరు తీసిన బత్తాయి నీళ్ళు గాయం మీద పూయకండి. క్యాన్సర్ తగ్గిస్తుందని అమ్మే మాడిఫైడ్ సిట్రస్ పెక్టిన్ డబ్బాలని నమ్ముకుని చికిత్స మానేయకండి, అంత చెప్పడానికి తగిన రుజువులు లేవు.

ఆ పిప్పి సంగతి

గుడ్డలో మిగిలిన జామ పిప్పిని జల్లెడ మీద గరిటతో రుద్దితే గింజలు పైన ఉండిపోయి గుజ్జు కిందికి దిగుతుంది. గుజ్జుకి ముప్పావు బరువు చక్కెర, చిటికెడు ఉప్పు, అర నిమ్మకాయ రసం వేసి, అడుగంటకుండా కలుపుతూ ఉండండి. చిందుతుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి. ముద్ద గిన్నె అంచులు వదిలి గరిటతో పాటు తిరగడం మొదలయ్యాక ఒక చెంచా నెయ్యి వేసి, నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచి, మామిడి తాండ్రకంటే మందంగా, ఒక రాత్రి ఆరనిచ్చి ముక్కలు కోయండి. మా ఇంట్లో జెల్లీ సీసాలు నెలల తరబడి ఉంటాయి కానీ ఈ పళ్ళెం రెండో రోజుకి ఉండదు.